గదుల మేడం

"ఊళ్ళో ఇళ్ళన్నీ తిరిగి ఖాళీ గదులు వెతికిపెట్టే ఉద్యోగం మా ఆవిడది" అని ఆయన అనగానే వచ్చిన ముగ్గురూ నవ్వారు. టీ కప్పుల పళ్ళెంతో నిలబడ్డ ఆమె కూడా నవ్వింది. ఆ మాటకి నవ్వడం ఆమెకి తొమ్మిదేళ్ళ అలవాటు. ఆయన ఆఫీసు స్నేహితులు ఏ ఆదివారం వచ్చినా ఆ మాట ఉంటుంది, ఆ మాట అయ్యాక టీ ఉంటుంది, టీలో చక్కెర ఒక పలుకు తగ్గిందని ఎవరో ఒకరు చెప్పడం ఉంటుంది.

"మరి మీ ఇంట్లో దొరకలేదా అండీ ఒకటి?" అన్నాడు కొత్తగా వచ్చినాయన, మర్యాదకి ఆమెని కూడా మాటల్లో కలుపుకుంటూ.

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "మా ఇంట్లో ఎక్కడిది సార్! ఉన్నవి రెండు. ఒకటి మాది, ఒకటి కంప్యూటర్‌ది."

మళ్ళీ నవ్వారు. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు. ఫ్రిజ్ పక్కన గోడవైపు చూసింది. అక్కడిప్పుడు మూడంతస్తుల ఇనప స్టాండు, దానిమీద పూలకుండీలు ఉన్నాయి. నాలుగేళ్ళపాటు ఆ గోడ పక్కన అమ్మ పడుకుంది. అమ్మ పోయిన రెండో వారంలో ఆయన ఆ స్టాండు కొనుక్కొచ్చాడు. "గోడ మరీ బోసిగా ఉంది" అన్నాడు. నిజమే, బోసిగానే ఉండేది. అందుకే ఆమె ఏమీ అనలేదు. ఆ కుండీలకి రోజూ నీళ్ళు పోసేది కూడా ఆమే.

ఆమె పనిచేసేది చుట్టుపక్కల ఇరవై మూడు ఊళ్ళకి కలిపి పెట్టిన ఒక సహాయ కేంద్రంలో. ఊళ్ళలో కొత్తగా ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకోవాలనుకునే ఆడవాళ్ళకి పని నేర్పి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించడం ఆ కేంద్రం చేసే పని. సబ్బులు, కొవ్వొత్తులు, అట్టపెట్టెలు, పుట్టగొడుగులు, ఏది పెట్టాలన్నా ముందొక ఫారం నింపాలి. అందులో పద్నాలుగు ప్రశ్నలు. చదువు రాదంటే నేర్పుతారు, పని తెలియదంటే శిక్షణ ఇస్తారు, పదమూడు ప్రశ్నలకి ఏదో ఒక సర్దుబాటు ఉంది. ఏడో ప్రశ్నకి మాత్రం లేదు. "ఇంట్లో ఖాళీ గది ఉందా?" లేదంటే ఆ ఫారం అక్కడితో ఆగిపోతుంది. అందుకని కొలతల టేపు సంచిలో వేసుకుని ఆమే స్వయంగా ఇంటింటికీ వెళ్ళి తలుపులు తీయించి చూసేది. వీధి మొదట్లో ఆడుకునే పిల్లలు ముందే కేకేసేవాళ్ళు, "గదుల మేడం వచ్చింది" అని. ఆ పేరు ఆమెకి నచ్చేది. నలభై ఒక్క ఇళ్ళలో నలభై ఒక్కమంది ఆడవాళ్ళకి తాను గది చూపించానని ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల ఒక గర్వం ఉండేది.

ఆ గర్వానికి ఈమధ్య చెద పట్టింది.

ఎనిమిది నెలల కిందట ఒక ఊరికి వెళ్ళింది. అప్పటికి అమ్మ ఇంకా ఉంది. ఆ ఊళ్ళో పుట్టగొడుగుల పెంపకం నేర్చుకున్నవాళ్ళలో ఒక ఇంటి చిన్న కోడలు అందరికంటే చురుకైనది. గడ్డి ఎంతసేపు నానాలో, ఎంత ఆరాలో, సంచిలో ఎన్ని వరసలు వెయ్యాలో ఒకసారి చెప్తే చాలు, చేతికి వచ్చేసేది. ఆ ఇంటికి గది చూడటానికి వెళ్తే మామగారు ముందు నడిచి చూపించాడు. ముందుగది వచ్చేపోయే పెద్దమనుషుల కోసం. దాని పక్క గదికి తాళం. "అందులో సామానుందమ్మా" అన్నాడు. పెరటి వైపు చివరగా ఒక గది ఉంది. తల వంచి వెళ్ళాల్సిన గుమ్మం, మందపాటి గోడలు, పైన జానెడు వెలుతురు రంధ్రం. మిట్టమధ్యాహ్నం లోపల కుండలో చెయ్యి పెట్టినంత చల్లగా ఉంది. పుట్టగొడుగులకి ఇంతకంటే ఏం కావాలి? ఆమె నోటివెంట అప్రయత్నంగా వచ్చింది, "ఎంత బాగుందీ గది!"

గుమ్మం పక్కన నిలబడ్డ ఒక ముసలావిడ మొహం వెలిగిపోయింది. గబగబా లోపలికి వెళ్ళి స్టూలు చేత్తో తుడిచి "కూర్చోమ్మా" అంది. చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. 

లోపల మంచం ఉంది. మంచం కింద ట్రంకుపెట్టె ఉంది. గోడకి అరచెయ్యంత అద్దం, దాని వెనక దోపిన దువ్వెన, మూలన బుట్టలో సగం కుట్టిన బొంత ఉన్నాయి. ఇవన్నీ ఆమె చూసింది. చూడలేదని చెప్పుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించింది గాని, చూసింది.

"ఇందులో ఎవరుంటారు?" అని అడిగింది.

"ఎవరూ ఉండరమ్మా, మా అక్కే" అన్నాడు మామగారు.

ఆమె తలూపి ఏడో ప్రశ్న ఎదురుగా రాసుకుంది: "ఉంది. పదడుగులు, పన్నెండడుగులు. చాలా అనుకూలం."

*

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది ఆ ఆదివారం తర్వాత సోమవారం. ఈ ఎనిమిది నెలల్లో చిన్న కోడలి పుట్టగొడుగులకి మంచి పేరొచ్చింది. ఇరవయ్యో తారీకున పెద్దాఫీసరు వచ్చి ఆ ఇంటి గుమ్మం మీద "నమూనా కేంద్రం" అనే బోర్డు ఆవిష్కరిస్తాడు. దాన్ని చూపించి ఇంకో నలభై ఇళ్ళలో ఇలాగే పెట్టిస్తారు. శుక్రవారంలోగా ఆ అమ్మాయి విజయగాథ రెండు పేజీల్లో రాసి, ఫోటోలతో ఇవ్వమని కేంద్రంలో సారు చెప్పాడు. అమ్మ పోయిన అయిదు నెలలుగా ఊళ్ళ పనులన్నీ ఇంకొకరు చూస్తున్నారు, ఆమె ఆఫీసులోనే కూర్చుంటోంది. పని మొదలయ్యాక ఆ గదిలోకి ఆమె అడుగు పెట్టడం ఇదే మొదటిసారి.

చిన్న కోడలు గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది. "మేడం, నిన్న ఒక్కరోజే పన్నెండు కిలోలు! పట్నంలో హోటలాయన ఫోన్ చేశాడు మేడం, నా పేరు పెట్టి అడిగాడు. ఈ ఇంటికి నా పేరుమీద ఫోన్ రావడం ఇదే మొదలు. ఎత్తింది మామయ్యగారు. ఆ పేరుగల వాళ్ళెవరూ ఇక్కడ లేరని పెట్టెయ్యబోయారు!" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఆమెకి కడుపు నిండిపోయింది. ఇందుకే కదా ఈ ఉద్యోగం అనుకుంది.

పెరట్లోకి వెళ్ళారు. గది గోడలనిండా తడి గోనెసంచులు. దూలాలకి వరసగా వేలాడుతున్న గడ్డి సంచులు, వాటి చిల్లుల్లోంచి తెల్లగా గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు. ఆ సంచుల మధ్యనుంచి నడుము వంచుకుని, చేతిలో పిచికారీ డబ్బాతో ముసలావిడ బయటికి వచ్చింది. మోచేతుల దాకా తడిసి ఉంది. బయటికి రాగానే గోడకి చెయ్యి ఆన్చి దగ్గింది. చాలాసేపు దగ్గింది.

ఆమె చూపు చూరు కిందికి పోయింది. అక్కడ మంచం. మంచం మీద నాలుగు మడతల టార్పాలిన్. రెండు ఇటుకల మీద ట్రంకుపెట్టె. బయటి గోడకి మేకు కొట్టి తగిలించిన అరచెయ్యంత అద్దం, దాని వెనక దువ్వెన.

"పెద్దమ్మా, ఇక్కడా పడుకుంటున్నారు?"

"పడుకోడానికేముందమ్మా, ఎక్కడో అక్కడ. పగలంతా ఎలాగూ లోపలేగా నా కాపురం" అంది ముసలావిడ, డబ్బా దించుతూ. "రోజుకి మూడుసార్లు నీళ్ళు కొట్టాలి. చంటిపిల్లకి పాలు పట్టినట్టే అనుకో. ఒక పూట ఆలస్యమయితే అలిగి ముడుచుకుపోతాయి. ఎన్ని దుప్పట్లు కప్పారో చూడు వాటికి! నా ఆస్తంతా కలిపినా అన్ని లేవు." తన మాటకి తనే నవ్వి మళ్ళీ దగ్గింది.

"పెద్దత్తా, మందేసుకున్నావా?" అంది చిన్న కోడలు గట్టిగా.

"వేసుకున్నాలేవే. నీ పుట్టగొడుగులు నాకంటే ముందు లేచి అడిగాయి." ముసలావిడ ఆమె వైపు తిరిగింది. "నువ్వే కదమ్మా ఆ రోజు గది బాగుందన్నావు?"

ఆమె తలూపింది.

"నలభై ఏళ్ళున్నాను అందులో. ఇరవయ్యేళ్ళకి పుట్టింటికి తిరిగొస్తే మా నాన్న చూపించిన చోటది. బాగుందని ఒక్కళ్ళూ అనలేదమ్మా అప్పట్నుంచి. నువ్వన్నావు. నాకెంత సంతోషమనిపించిందో! ఇంత చదువుకున్న మనిషికి నా గది నచ్చిందే, మళ్ళీ ఎప్పుడైనా వస్తుందేమోనని మర్నాడు గోడలకి సున్నం కొట్టాను. అద్దం తోమాను. మూడో రోజు మా తమ్ముడు మంచం బయట పెట్టించాడు." ముసలావిడ గొంతులో ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తోంది. "సున్నం కొట్టడం మంచిదే అయిందన్నారులే. పురుగు పట్టదంట."

ఆమె ఫోన్ తీసి ఫోటోలకి సిద్ధపడింది. చిన్న కోడల్ని సంచుల ముందు నిలబెట్టి రెండు మూడు తీసింది. ఒకదాంట్లో పక్కన పిచికారీ కొడుతూ ముసలావిడ కూడా పడింది.

వీధి గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన చిన్న కోడల్ని మెల్లగా అడిగింది, "ఆవిడ్ని బయట పెట్టారని నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. "మీకు తెలుసనుకున్నా మేడం. ఆ రోజు మీరు చూశారుగా." వెంటనే, "లోపలే పడుకోమని మొదట నేనన్నాను మేడం. కానీ మీరే పాఠంలో చెప్పారుగా, ఆ గదిలో మనుషులు పడుకోకూడదు, ఆ గాలి ఊపిరికి మంచిది కాదని. మామయ్యగారు ఇస్తానన్న గది అదొక్కటే. అది వద్దంటే నాకీ పని ఉండేది కాదు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు బోర్డు ఆపేస్తారా మేడం?"

"వానలు ఇంకో నెలలో పడతాయి."

"పైన ఇంకో పట్టా కట్టిస్తామన్నారు మేడం" అంది ఆ అమ్మాయి, నేలకేసి చూస్తూ.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే అమ్మ గుర్తొచ్చింది. గుర్తురావడం అనేది సరైన మాట కాదు. అమ్మ ఎప్పుడూ పక్కనే ఉంటోంది, ఆమే అటు తిరగడం లేదు.

అమ్మ వచ్చిన రోజు ఆయన అన్నాడు, "హాల్లో అయితే ఫ్యాను గాలి బాగా తగులుతుంది. టీవీ కనబడుతుంది. పెద్దవాళ్ళకి గదిలో ఒంటరిగా ఏం తోస్తుంది?" తప్పు పట్టడానికి ఆ మాటలో సందు లేదు. ఆయన మాటలన్నీ అంతే, గుండ్రంగా, నున్నగా, పట్టు దొరక్కుండా ఉంటాయి. ఆయన అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి కాదు. మంచివాడని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. ఆ నున్నటి మాటనే తీసుకెళ్ళి తనదే అయినట్టు అమ్మకి అప్పజెప్పింది. "హాల్లో గాలి బాగుంటుందే అమ్మా." అమ్మ పక్కచుట్ట చంకలో పెట్టుకుని నిలబడే ఉంది. "నాకెందుకే గది, నేనేమన్నా కచేరీ నడపాలా?" అంది. ఆ మాటని ఒప్పుకోలు కింద జమ వేసుకుని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కంప్యూటర్ గదిలో ఒక బల్ల, ఆదివారాలు మాత్రమే తెరిచే కంప్యూటరు, ఆయన డాక్టరు చెప్పాడని కొన్న వ్యాయామం సైకిలు ఉండేవి. సైకిలు రెండు నెలలు తొక్కాడు. తర్వాత దానిమీద ఆమె ఉతికిన బట్టలు ఆరేసేది. అలాగని ఆ గదిని ఎవరికీ ఇవ్వలేదా అంటే, అదీ కాదు. ఏడాదికి రెండు నెలలు అత్తగారు వచ్చేది. ఆవిడ వస్తుందనగా ముందు రోజు గంటలో సైకిలు బయటికి, మంచం లోపలికి. "పెద్దావిడ హాల్లో పడుకుంటే ఏం మర్యాద?" అనేవాడు ఆయన. అమ్మ ఆవిడకంటే మూడేళ్ళు పెద్దది. ఆ మాట ఆమె నోటి చివరిదాకా వచ్చేది. నోటి చివర ఎప్పుడూ ఏదో ఒక పని అడ్డం ఉండేది, స్టవ్ మీద పాలో, తలుపు తట్టే పాలవాడో.

ఒకసారి పొద్దున ఏడింటికి అమ్మ ఇంకా పక్కమీదే ఉంటే అత్తగారు అంది, "వదినగారూ, ఇంకా పక్క తియ్యలేదేం? ఎవరన్నా వస్తే బాగుండదు. అల్లుడిల్లు కదా, కాస్త మనమే సర్దుకోవాలి." మర్నాటినుంచి అమ్మ అయిదింటికల్లా లేచి పక్క చుట్టి, తాడు కట్టి, ఫ్రిజ్ వెనక సందులో దూర్చేసేది. చూసినవాళ్ళకి ఆ ఇంట్లో ఇంకో మనిషి పడుకుంటుందన్న ఆనవాలు ఉండేది కాదు.

అమ్మ పోయిన రోజు కూడా అంతే. ఆరింటికి ఆమె వంటింట్లోకి వెళ్తూ చూస్తే అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. వీపు వెనక చుట్టిన పక్క. కూర్చునే కునుకు తీస్తోందనుకుంది. పాలు కాచింది, రెండు క్యారేజీలు సర్దింది, ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది. అప్పుడు పిలిచింది. ప్రాణం పోయి గంట దాటిందన్నాడు వచ్చిన డాక్టరు. పక్కకి తాడు కట్టి ఉంది. ముడి కూడా వేసే పోయింది అమ్మ.

తాను ఇరవై మూడు ఊళ్ళలో గదులు కొలిచిన మనిషి. సంచిలో టేపు పెట్టుకుని తిరిగిన మనిషి.

*

"ఫోటోలు బాగున్నాయి" అన్నాడు సారు బుధవారం. "ఈ ముసలావిడ ఎవరు?"

"ఆ గది ఆవిడది సార్. ఆవిడ్ని బయట పడుకోబెట్టి అందులో పుట్టగొడుగులు పెట్టారు. రోజంతా నీళ్ళు కొట్టేదీ ఆవిడే."

"పేరు మన జాబితాలో ఉందా?"

"లేదు."

"అయితే కత్తిరించెయ్యండి. ఫ్రేములో అనవసరంగా ఇంకో మనిషెందుకు?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇళ్ళలో సవాలక్ష ఉంటాయి మేడం. మనం వ్యాపారాలు పెట్టించడానికి వచ్చాం, కాపురాలు దిద్దడానికి కాదు."

"ఆ ఏడో ప్రశ్న మార్చాలి సార్."

"కొత్త ఫారాలు అచ్చయిపోయాయి. అయినా అమ్మగారు పోయినప్పట్నుంచి మీరు కొంచెం నీరసంగా ఉంటున్నారు. కావాలంటే సెలవు పెట్టుకోండి." తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి అన్నాడు, "శుక్రవారం తర్వాత."

ఆమె తన బల్ల దగ్గర కూర్చుని చెప్పినట్టే చేసింది. ఫోటో అంచుని వేలితో లోపలికి జరిపింది. ముసలావిడ మొహం పోయింది, భుజం పోయింది, చెయ్యి పోయింది. మిగిలిన ఫోటోలో చిన్న కోడలు నవ్వుతోంది, ఆమె పక్కన గాల్లోంచి సన్నటి నీటి తుంపర సంచుల మీద పడుతోంది. ఆ నీళ్ళు కొడుతున్నది ఎవరూ కాదు. చూడటానికి చాలా అందంగా ఉంది.

చాలాసేపు చూసింది. తర్వాత అంచుని మళ్ళీ వెనక్కి జరిపింది.

*

గురువారం పొద్దున్నే వెళ్ళి మామగారితో కొలతలు ఇంకోసారి తీసుకోవాలంది. "నమూనా కేంద్రం కదండీ, ప్రతి తలుపూ తీసి చూడాలి." ఆ మాటలో సగం అబద్ధం. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. అబద్ధాలు రాసింది గాని ఆడలేదు.

ముందుగది పక్క గది తాళంచెవి వెతకడానికి పావుగంట పట్టింది. తాళం తుప్పు పట్టి ఉంది, నూనె పోస్తే గాని తిరగలేదు. లోపల పాడైపోయిన మోటార్లు రెండు, ఊడిన ఫ్యాను రెక్కలు, కుర్చీ చట్రాలు, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని పరుపుతో ఒక మంచం. పైనుంచి కిందిదాకా సాలెగూళ్ళు. వీధివైపు కిటికీ.

"ఇందులో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. సామాను."

ఆమె టేపు తీసి కొలిచింది. పన్నెండడుగులు, పద్నాలుగడుగులు. "మీ ఇంట్లో ఖాళీ గది ఇదండీ."

"సామానుందని చెప్తున్నాగా!"

"సామాను చూరు కింద పడుకుంటుంది లెండి. దానికి దగ్గు రాదు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇదేం మాటమ్మా? ఆ గదిని చూసి ఆహా ఓహో అని రాసుకుపోయింది మీరు కాదూ?"

"నేనే. తప్పు రాశాను" అంది ఆమె. "ఆ తప్పు మీద మీ ఇంటికి బోర్డు పెట్టించలేను. ఇవ్వాళే రాసి ఇచ్చేస్తాను."

బోర్డు సంగతి ఆయన ఊరంతా చెప్పుకున్నాడని ఆమెకి తెలుసు. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు, తీశాడు. "ఆడవాళ్ళని ఉద్ధరిస్తామని వస్తారు, ఆడపిల్ల కడుపు కొట్టి పోతారు" అన్నాడు కోడలి వైపు చూపిస్తూ. ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. చిన్న కోడలు గుమ్మానికి అతుక్కుపోయి నిలబడి ఉంది. ఆ అమ్మాయి ఏమంటుందోనని ఆమె అటు తిరిగింది.

"ఆ కిటికీకి లోపల్నించి గోనెపట్టా కొడితే చీకటవుతుంది మామయ్యగారూ" అంది చిన్న కోడలు. మొదట గొంతు పీలగా వచ్చింది, తర్వాత సర్దుకుంది. "ఉన్న సంచులు ఈ కాపు అయ్యేదాకా అక్కడే ఉంచి కొత్తవి ఇక్కడ కడతాను. మూడు వారాలు చాలు. నాకు ఇదే పెద్దది కూడా." ఆగి, ఇంకా చిన్నగా అంది, "మొదట్నించీ తెలుసు నాకు."

మామగారు విసురుగా ఒక ఫ్యాను రెక్క తీసి వాకిట్లోకి గిరాటేశాడు. ఒప్పుకున్నాననడం ఆయనకి అలాగే వచ్చు కాబోలు.

ఆమె పెరట్లోకి వెళ్ళింది. ముసలావిడ మంచం మీద కూర్చుని బొంత కుడుతోంది. గోడ అవతలి మాటలన్నీ విన్నట్టుంది. "పెద్దమ్మా, వానలలోపు మీ గది మీకొస్తుంది. ఆరబెట్టి మళ్ళీ సున్నం కొట్టిస్తారు" అని చెప్పింది. చెప్పేటప్పుడు, ఆవిడ మొహం మళ్ళీ ఆ రోజులా వెలుగుతుందని ఆశ పడింది. ఆ ఆశకి తర్వాత సిగ్గుపడింది.

ముసలావిడ దారం పళ్ళతో తెంపింది. "ఒక మాట చెప్పనా అమ్మా? ఆ రోజు నన్నడిగుంటే ఇచ్చేదాన్ని. అదిగో ఆ చిన్నదాని కోసం నా చేత్తో మంచం నేనే బయట వేసుకునేదాన్ని." సూది బొంతకి గుచ్చి పెట్టి తలెత్తింది. "అడిగితే ఇవ్వననుకున్నారా? అడిగే పనే లేదనుకున్నారా?"

ఆమె దగ్గర ఉన్న జవాబు ఒకటే, అది ఆవిడకి తెలుసు కాబట్టే అడిగింది.

*

శుక్రవారం ఆమె విజయగాథ ఇచ్చింది. కత్తిరించని ఫోటోతో, మారిన గది కొలతలతో, "మొదట గది ఎంపికలో నేను చేసిన పొరపాటు" అనే ఒక పేరాతో. సారు చదివి సొరుగులో పడేశాడు. అందులో ఎంత అచ్చులోకి వస్తుందో ఆమెకి తెలియదు. నలభై కొత్త ఫారాలు మాత్రం ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారం పొద్దున గిన్నెలు తోముతుంటే హాల్లోంచి ఆయన ఫోన్ మాటలు వినిపించాయి. "రండి రండి, ఇబ్బందేముంది సార్! ఇంట్లో ఎవరూ లేరు, మా ఆవిడే."

చేతిలో గిన్నె ఆగింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. వచ్చింది వేరే. ఆ రోజు ఆ ఇంట్లో మామగారు "మా అక్కే" అన్నప్పుడు ఆ మాట అర్థం కావడానికి తనకి క్షణం కూడా పట్టలేదు. తలూపి రాసేసుకుంది. ఎందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసింది. అది తన ఇంటి భాషే. వినీ వినీ తనకి కూడా వచ్చేసిన భాష. అమ్మతో మాట్లాడింది కూడా ఆ భాషలోనే.

చేతులు తుడుచుకుని కంప్యూటర్ గదిలోకి వెళ్ళింది. సైకిలు మీది బట్టలు తీసి మడత పెట్టింది. సైకిల్ని ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చి పూలకుండీల స్టాండు పక్కన నిలబెట్టింది. అటక మీంచి అమ్మ పక్కచుట్ట దింపింది. తాడు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. కోస్తే క్షణంలో పోయేది, కొయ్యలేదు. 

ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "ఎవరొస్తున్నారు? మా అమ్మా?"

"ఎవరూ రావడం లేదు."

"మరి ఆ పక్క ఎవరికి?"

"నాకు. ఇక్కడ రాసుకుంటాను. ఒక్కోరోజు పడుకుంటాను కూడా."

"నీకెందుకు గది? ఇల్లంతా నీదేగా!" నున్నటి మాట. గుండ్రటి మాట. ఆమె పక్క దులిపి నేలమీద పరిచింది. ఇంకేదో అనబోయి ఆయన ఆగాడు, బయట గంట మోగింది.

హాల్లో కుర్చీలు జరుగుతున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆమె అమ్మ పక్కమీద కూర్చుని ఫారాలు ఒడిలో పెట్టుకుంది. అచ్చయిన ఏడో ప్రశ్న కింద, ఉన్న కాస్త ఖాళీలో, చేత్తో ఇంకో వరస రాయడం మొదలుపెట్టింది: "ఆ గది సంగతి ఇంట్లో ఎవరెవరిని అడిగారు?" ఒక్కో ఫారం మీదా అదే వరస, అదే దస్తూరీతో.

"ఏమోయ్, టీ!" అని కేక వినిపించింది.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయండీ" అంది, తలెత్తకుండా.

హాల్లో మాటలు తెగాయి. కాసేపటికి ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడయింది.

నలభై అయ్యాయి. అడుగున ఒక ఫారం ఎక్కువ వచ్చింది. పక్కన పెట్టబోయి మళ్ళీ తీసుకుంది. తేదీ దగ్గర, అమ్మ పక్కచుట్టతో ఈ గుమ్మంలోకి వచ్చిన రోజు తేదీ వేసింది. ఊరి దగ్గర తన ఊరు, ఇంటి దగ్గర తన ఇల్లు రాసింది. మిగతా ప్రశ్నలు వదిలేసి ఏడోదానికి వచ్చింది.

ఇంట్లో ఖాళీ గది ఉందా?

"ఉంది" అని రాసింది.

దాని కింద, మిగతావాటిలాగే తన చేతి వరస వేసింది. దాని ఎదురుగా, తొమ్మిదేళ్ళలో ఏ ఫారంలోనూ రాయనంత జాగ్రత్తగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది:

"అమ్మని అడగలేదు."